నాలుగు వేళ్ళ ఆకు

భయమంటే ఎరుగని వీరుల కథలు కావలసినవారు ఈ అధ్యాయం దాటేసి పోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. ఘోరజటుడి కోట తలుపు తన వెనక ధడాలున మూసుకోగానే కుందనికకు ముచ్చెమటలు పోశాయి. తలపాగా లోపల జుట్టంతా తడిసిపోయింది. పెట్టుడు మీసం ఎక్కడ ఊడివస్తుందోనని పై పెదవి బిగబట్టుకుని నిలబడింది. ఇంత భయం పెట్టుకుని అసలు లోపలికి ఎందుకొచ్చిందయ్యా అంటారా? అన్న కోసం వచ్చింది.

ద్రోణాద్రి రాజ్యంలో ద్రాక్ష పందిరి లేని పెరడు ఉండదు. రాజుగారి అంతఃపురం మొదలు కుమ్మరివాడి గుడిసె దాకా ఇంటికి రెండు తీగలు. ఒకటి తినడానికి, ఒకటి ఆసవానికి. తినే ద్రాక్ష కాపుకొస్తే పిల్లలు గుత్తులు మిగలనివ్వరు. ఆసవం ద్రాక్ష నల్లగా, చిన్నగా, తోలు మందంగా ఉంటుంది కనుక దాని జోలికి పిట్టలు తప్ప ఎవరూ పోరు. కుందనిక అన్న సుబంధుడు ఈ పెంపకంలో ఆరితేరినవాడు. ఎండిపోయిందని పొయ్యి దగ్గర పడేసిన కొమ్మను తీసి నాటి చిగురు తెప్పించాడని ఊళ్ళో చెప్పుకునేవారు. ఆ మాట ఎందాకా పాకిందో ఏమో, పోయిన వేసవిలో ఒక జడల సన్యాసి గుమ్మంలోకి వచ్చి, "కొండమీద నాకో తోట ఉంది నాయనా, ఒక్కసారి వచ్చి చూసిపో" అని పిలిచాడు. సుబంధుడు వెళ్ళాడు. తిరిగి రాలేదు. అంతకుముందు అలా వెళ్ళిన మాలీలూ రాలేదు.

ఆ సన్యాసే ఘోరజటుడనే మాంత్రికుడని కుందనిక దారి పొడుగునా అడిగి తెలుసుకుంది. అందుకే మగవేషం వేసి, సముద్రపుటొడ్డున ఉన్న లవణపురి నుంచి వచ్చిన తోటమాలి గుండడినని చెప్పి కోటలో అడుగుపెట్టింది. ద్రోణాద్రి పేరెత్తితే లోపలికి రానివ్వరని కాదు. రానిస్తారు. బయటికి పోనివ్వరు.

"ఓరీ గుండా!"

ఆ గొంతు పైనుంచి వచ్చింది. మెట్ల మీద ఘోరజటుడు నిలబడి ఉన్నాడు. జడలు మడమల దాకా వేలాడుతున్నాయి. చేతిలో యోగదండం, దాని కొసన పగలు కూడా వెలుగుతున్న నాగమణి, మొలను పట్టుతాడుతో కట్టిన రాగి కమండలం. ముఖం మాత్రం నిరుటి నిమ్మకాయలా ముడతలు పడిపోయింది.

"పొద్దు వాలేలోపు ఎండుతీగలన్నీ కత్తిరించు. ఒక్క కొమ్మ తప్పుగా కోశావో, నిన్నే పాతేస్తాను."

"చిత్తం స్వామీ" అంది కుందనిక. గొంతు లావుగా తెచ్చుకోబోతే దగ్గు వచ్చింది.

ఆ తోట అందం చెప్పకపోతే నాకు తోచదు. కొండ నడుమును చుట్టుకుని అంచెలంచెలుగా దిగిన నేల, అంచెకో చలువరాతి అరుగు, అరుగు అరుగునా నునుపు తేలిన స్తంభాలు, స్తంభాల మీద వెండి తీగెలతో అల్లిన పందిళ్ళు, ఆ పందిళ్ళ నిండా ద్రాక్షతీగలు! మాయల తోటకు రుతువులతో పనేముంది? ఒక తీగ మోడై ఉంది, దాని పక్క తీగ లేత చిగురు వేస్తోంది, ఆ అవతలిది పిందె పట్టింది. చల్లని గాలి వీస్తోంది. నీటి కాలవల్లో గులాబి రేకులు కొట్టుకుపోతున్నాయి. ఇంత సొగసులోనూ ఒక్క తేనెటీగ లేదు, ఒక్క చీమ లేదు. ప్రాణమున్నది ఏదైనా కనబడుతుందా అని వెతికితే పందిరి మీద ఒక గోరువంక ఉంది. అది కుందనికనే కన్నార్పకుండా చూస్తోంది.

సరే, పని మొదలుపెట్టింది. ద్రోణాద్రిలో కొమ్మ కోసే పద్ధతి ఒకటుంది. మొదటి కణుపులు వదిలేసి ఆపైన వంకరకత్తితో ఏటవాలుగా కోస్తారు. కోసినచోట నీళ్ళు ఊరుతాయి, తీగ కన్నీరంటారు వాటిని. అక్కడ బొటనవేలు నొక్కిపట్టి "నొచ్చిందా తల్లీ?" అని అడిగి, కాస్త బూడిద అద్దుతారు. ఆ మాట అడగకుండా కోస్తే వచ్చే ఏడు కాయదని అక్కడివాళ్ళ నమ్మకం. మాటలు కూడా సరిగ్గా రాని వయసులోనే ఆ మాట పిల్లల నోట పడుతుంది. కుందనిక మోడుకొమ్మ ఒకటి కోసింది, వేలు నొక్కింది.

"నొచ్చిందా తల్లీ?" అనేసింది.

అన్నాక నాలుక కరుచుకుంది. చుట్టూ చూసింది. మనుషులెవరూ లేరు, బతికిపోయాననుకుంది. ఆలోగా తీగ కన్నీరు వేలి సందుల్లోంచి మణికట్టు మీదికి కారింది. వెచ్చగా ఉంది! ఎక్కడైనా తీగ నీరు వెచ్చగా ఉంటుందా? నాలుక కొసకు తాకించి చూసింది.

ఉప్పగా ఉంది.

కత్తి చేతిలోంచి జారి రాతి అరుగు మీద ఖంగున పడింది. ఆ చప్పుడుకు గోరువంక ఎగిరి స్తంభం మీద వాలింది. మెడ సారించి, ముద్దుముద్దుగా, అచ్చం కుందనిక గొంతుతో, "నొచ్చిందా తల్లీ?" అంది.

ఆ పిల్లకు పై ప్రాణాలు పైనే పోయాయి. తలపాగా ఊడదీసి విసరబోయి, జుట్టు బయటపడుతుందని ఆగింది. మట్టిబెడ్డ తీసి విసిరింది. తగల్లేదు. గోరువంక ఆ మాటే మళ్ళీ మళ్ళీ వల్లిస్తూ ఘోరజటుడి మేడవైపు ఎగిరిపోయింది.

"ఏందిరా అబ్బాయా, పనిలో చేరి పూట గడవలేదు, అప్పుడే పిట్టలతో తగువా?"

గంజి ముంత పట్టుకుని వచ్చినది రేచమ్మ. ఆ కోటలో మాంత్రికుడు కాక మిగిలిన మనిషి ఆవిడొక్కతే. వంటా, వాకిలీ, నేలమాళిగలో ఆసవం కాగులూ అన్నీ ఆవిడ పెత్తనమే. పెత్తనం చేస్తూ రుచి చూడకుండా ఉంటుందా? ఊగుతూ వచ్చి అరుగు మీద కూలబడింది.

"అమ్మా, ఈ తీగ నీరు ఉప్పగా ఉందేంటి?" అంది కుందనిక.

"దాన్నెందుకు నాకావురా! కొయ్యమన్నది కొయ్యక!" రేచమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మనిషి కన్నీరు ఉప్పగా ఉండక తియ్యగా ఉంటదా?"

"మనిషా?"

"ఇయ్యన్నీ మనుషులే నాయనా. తీగలు చేసి పాతిపెడతాడు. కాపుకొచ్చిందాకా పెంచుతాడు. పండ్లు తొక్కించి ఆసవం చేయిస్తాడు. కాగు సద్దుమణిగినాక పక్కన కూచోని మంత్రం చదివి తాగుతాడు. ఆ మనిషికి మిగిలిన ఆయుస్సంతా ఈయనలోకి పోతది. తీగేమో ఎండిపోయి నా పొయ్యిలోకి వస్తది." రేచమ్మ ముక్కు చీదింది. "నేనేం చేసేది, నాకూ బతకాలనే ఉంటది గదా."

కుందనిక రేచమ్మ పక్కన చతికిలబడింది. అయినా అడిగింది. "తాగకముందైతే?"

"తాగకముందైతే ఆయన మొలనున్న కమండలం నీళ్ళు పాదులో పోస్తే మనిషి లేస్తాడంట. పాదులోంచి కాలు బయటపెట్టినోణ్ణి ఇంక ఏ ఆసవమూ ఏమీ చెయ్యలేదంట. ఎవడు పోస్తాడు, నువ్వు పోస్తావా?" అని నవ్వబోయి, మేడవైపు చూసి ఆపేసింది.

"ఇప్పుడెవరి వంతు?"

"అదిగో, ఆ మూల తీగ. మొన్న కోశాం, తొక్కాం. కాగులో కుతకుతలాడతా ఉంది. ఇంకా సద్దుమణగలా. పొద్దుగూకేటప్పటికి కొండవైపు గవాక్షం తియ్యాల నేను. ఆ కుతకుతకి లోపల గాలి చచ్చిపోతది గదా, అది తీసిందాకా దీపం కూడా నిలవదు. గవాక్షం తీసి, ఆ ఘాటంతా పోయినాక ఊడ్చి చాపేస్తే అప్పుడు దిగుతాడు దొర. ఆయనకేం తెలుసు ఈ పాట్లు! ఇన్నేళ్ళలో ఒక్క పొద్దు మరవలా నేను ఆ గవాక్షం."

రేచమ్మ లేచి ఊగుతూ వంటింటి వైపు వెళ్ళిపోయింది. ఆవిడ అటు మళ్ళగానే కుందనిక కిందపడ్డ కత్తి తీసి మొలలో దోపుకుని మూలనున్న తీగ దగ్గరికి పరిగెత్తింది.

కోసిన గుత్తుల తొడిమలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. తీగ మొదట్లో ఒక్కటే, పైన రెండు చేతులుగా చీలి పందిరి మీద చెరోవైపు పాకింది. కుడివైపు ఆకులు అన్ని ద్రాక్షాకుల్లాగే అరచెయ్యి పరిచినట్టు అయిదు వేళ్ళతో ఉన్నాయి. ఎడమవైపు ఆకు ఒకటి పట్టుకుని చూసింది. నాలుగే. ఇంకొకటి చూసింది. నాలుగే. ఆ వైపున్న ప్రతి ఆకుకూ చివరి వేలు లేదు.

చిన్నతనంలో కత్తిరింపు నేర్చుకుంటూ సుబంధుడు ఎడమచేతి చిటికెనవేలు తెగ్గోసుకున్నాడు. రక్తం కారుతున్న చేతిని బొటనవేలితో నొక్కిపట్టి, "నొచ్చిందా అన్నా?" అని అడిగింది కుందనికే. అప్పుడు ఏడుస్తున్నవాడల్లా నవ్వేశాడు.

"అన్నా!" అని ఆ ఆకును చెంపకు ఆనించుకుంది. గాలి లేదు. అయినా ఆకు కదిలింది. కుందనిక వెక్కి వెక్కి ఏడ్చింది. మీసం ఒక పక్క ఊడింది. ఉమ్మి రాసి అతికించుకుంది. పరిగెత్తి పారిపోదామా అనిపించింది, నిజం చెప్పొద్దూ. తలుపు మూసి ఉంది. అన్న ఇక్కడున్నాడు. గోరువంక అక్కడుంది. ఇంక పోవడమెక్కడికి?

"ఏడుపు కూడా వచ్చా లవణపురి మాలీలకు?"

ఘోరజటుడు వెనకనే నిలబడి ఉన్నాడు. ఎప్పుడు దిగాడో, ఎలా వచ్చాడో తెలియదు. భుజం మీద గోరువంక ఉంది.

"కంట్లో నలుసు పడింది స్వామీ."

"అవునా? మరి లవణపురిలో తీగలతో మాట్లాడతారా?"

"మేం... మేం చేపలతో కూడా మాట్లాడతాం స్వామీ."

మాంత్రికుడు నవ్వలేదు. గోరువంక గొంతు మీద వేలితో రాశాడు. "నొచ్చిందా తల్లీ?" అంది అది.

"ఈ మాట ద్రోణాద్రి వాళ్ళు తప్ప భూమ్మీద ఎవరూ అనరు. ఈ మూలనున్నవాడు కూడా నా తోటలో మొదటి కొమ్మ కోసి ఇదే మాట అన్నాడు. ఆ తరవాత వాడే తీగయ్యాడు." యోగదండం కొసతో సుబంధుడి తీగ మొదలు తాకాడు. "నా పని ముగియగానే ఎలాగూ దీన్ని పొయ్యిలో పెట్టాలి. ఇప్పుడే మొదలంటా నరుకు. చెయ్యి వణక్కుండా నరికావా, లవణపురి గుండడివే. వణికిందా, ఆ పక్క పాదు ఖాళీగానే ఉంది."

కుందనిక కత్తి తీసింది. మొదట్లో ఆనించింది. చెయ్యి వణకడమా! ఒళ్ళంతా వణికింది. నాలుగు వేళ్ళ ఆకు ఒకటి వంగి ఆమె మణికట్టును తాకింది. ఆ స్పర్శకు ఆమెకు ధైర్యం వచ్చిందని రాస్తే బాగుండును గాని, రాలేదు. భయం ఇంకా పెరిగింది. భయంతోనే నోట్లోంచి మాట తన్నుకొచ్చింది.

"నరుకుతాను స్వామీ! కానీ మొదలు నరికితే కాగులోది విరిగిపోదూ? ఎలాగూ సద్దుమణిగింది గదా. తమరు ముందు సేవించండి, ఆ తరవాత నరుకుతాను."

ఘోరజటుడి కళ్ళు మెరిశాయి. "సద్దుమణిగిందా? రేచమ్మ ఇంకా పొంగుతోందంది!"

"గోడకు చెవి ఆనించి విన్నాను. చప్పుడు లేదు. ఆవిడ... ఆవిడ తాగి ఉంది స్వామీ. ఇంకా ఉంచితే పులిసి, తాగడానికి పనికిరాని కాడి అయిపోతుంది."

మాంత్రికుడు తన చేతివంక చూసుకున్నాడు. తోలు వేలాడుతోంది. పోయినసారి తాగిన ఆయుస్సు అడుగంటిందని అతనికీ తెలుసు. పెదవులు నాలుకతో తడుపుకున్నాడు. "పద" అన్నాడు. "నువ్వే ముందు దిగు."

ఇదిగో, ఇక్కడ కుందనిక లెక్క తప్పింది. ఆమె అనుకున్నదేమిటంటే, వాడు ముందు దిగుతాడు, తను పైన ఉండిపోతుంది అని. గవాక్షం మూసి ఉన్న నేలమాళిగలోకి కాగు పొంగుతుండగా ఎవరూ దిగరు. ద్రోణాద్రిలో దిగవలసి వస్తే మట్టిప్రమిద వెలిగించి మోకాలి దగ్గర పట్టుకుని దిగుతారు. కాగులోంచి లేచే ఆ చెడుగాలి బరువైనది, నేలను పట్టుకుని ఉంటుంది. మంట చిన్నబోయిందా, వెనక్కి తిరగవలసిందే. ఆ జాగ్రత్త మరిచిన ఇళ్ళలో మనుషులు మాట పలుకు లేకుండా కాగు పక్కనే ఒరిగిపోయారు. అక్కడ గాలి చావకపోయి ఉంటే వీడు అన్నను తాగేస్తాడు. చచ్చి ఉంటే వీడితోపాటు తనూ పోతుంది. ఎటు చూసినా భయమే.

వంటింటి గుమ్మంలోని ప్రమిద వెలిగించి తీసుకుంది. "నా మణి ఉండగా నీకా మసిదీపం ఎందుకు?" అన్నాడు ఘోరజటుడు. "అలవాటు స్వామీ" అంది.

తలుపు తీయగానే ముక్కు పుటాలు మండించే ఘాటు కొట్టింది. మాంత్రికుడు ముఖం చిట్లించాడు. "ఏమిటిది?"

"మంచి ఆసవానికి ఆ మాత్రం ఘాటు ఉంటుంది స్వామీ. ఎంత ఘాటైతే అంత ఆయుస్సు."

మెట్లు రాతివి, నున్నగా, చెమ్మగా ఉన్నాయి. కుందనిక ప్రమిదను మోకాలికి దించి ఒక్కో మెట్టూ దిగింది. మంట నిటారుగా ఉంది. ఇంకో మెట్టు. మంట వంగింది. ఇంకొకటి. పసుపుపచ్చగా ఉన్న మంట నీలంగా మారి, వత్తికి అంటుకుపోయి, ఆరిపోయింది. నల్లని పొగ ఒక పోగు పైకి లేచింది. నాగమణి వెలుగు మాత్రం అలాగే ఉంది. నిప్పు కానిదానికి గాలితో ఏం పని?

"ఆరిందా నీ దీపం? చెప్పానుగా!" అని మాంత్రికుడు వికటంగా నవ్వాడు. "దిగు, దిగు."

కుందనిక అడుగు వేయలేదు. వేస్తే చావు. వేయకపోతే యోగదండం వీపున గుచ్చుకుంటోంది. "స్వామీ!" అంది, ఏడుపు గొంతుతో. "తమరు చదివే మంత్రం నాబోటివాడి చెవిన పడవచ్చా?"

వీపు మీది దండం వెనక్కి పోయింది. "నిజమే. ఇక్కడే నిలబడు. చెవులు మూసుకో. కదిలావంటే భస్మమైపోతావు."

ఆమెను గోడకు నెట్టి ఘోరజటుడు కిందికి దిగాడు. భుజం మీది గోరువంక రెక్కలు టపటపలాడించి, కీచుమని అరిచి, మెట్ల మీదుగా బయటికి ఎగిరిపోయింది. వాడు పట్టించుకోలేదు. కాగు పక్కన నేలమీద పద్మాసనం వేసి కూర్చున్నాడు. మణి ముందు పెట్టుకున్నాడు. మంత్రం అందుకోబోయి ఆగాడు.

బుడబుడ... బుడబుడ... కాగు పొంగుతూనే ఉంది.

మాంత్రికుడి తల మెల్లగా ఆమెవైపు తిరిగింది. "సద్దు... మణగ... లేదు..." అన్నాడు. లేవబోయాడు. జడలు కాళ్ళకు చుట్టుకున్నాయి. ఊపిరి కోసం ఎగబీల్చాడు, ఎగబీల్చినకొద్దీ కళ్ళు తేలేశాయి. చెయ్యి ఎత్తి ఆమెవైపు చూపించి, ఏదో అనబోయి, కాగు పక్కన దబ్బున పడ్డాడు. మణి వెలుగుతూనే ఉంది.

కుందనికకు అప్పటికే కణతలు పోటెత్తుతున్నాయి. పాకుతూ పైకెక్కి, తలుపు దగ్గర బోర్లాపడి, గాలి గుటకలు వేసింది. వాడు చచ్చాడా, సొమ్మసిల్లాడా? తెలియదు. కమండలం వాడి మొలనే ఉంది. అది లేకపోతే వాడు చచ్చినా అన్న తీగగానే ఉండిపోతాడు.

"అమ్మా, నన్ను కాయవే" అని, గుండె నిండా ఊపిరి బిగబట్టి మళ్ళీ దిగింది.

ఆ కొన్ని క్షణాలు ఎంత పొడుగ్గా ఉన్నాయో ఆమెనే అడగాలి. మెట్లు, నేల, జడలు. కమండలం పట్టుతాడు ముడి రాలేదు. కత్తితో తెంచింది. కమండలం అందుకుని తిరగబోయేసరికి కాలి మడమను ఏదో పట్టుకుంది. చల్లని వేళ్ళు! కెవ్వుమందామంటే నోరు తెరవకూడదు. కత్తి పిడితో ఆ కణుపుల మీద కొట్టింది. వదల్లేదు. మళ్ళీ కొట్టింది. మీసం ఊడి కాగులో పడింది. కళ్ళ ముందు చీకట్లు కమ్ముతుండగా పట్టు సడలింది. ఆ పోతూ పోతూ కాగు పగలగొట్టి ఉండవలసింది అని మీరంటారు. నేనూ అంటాను. ఊపిరి లేనివాళ్ళకు చెప్పండి ఆ మాట.

బయటపడేసరికి పొద్దు వాలుతోంది. తలపాగా ఎక్కడ పోయిందో తెలియదు. కమండలం అంచుల వెంట నీళ్ళు చిమ్ముతుంటే అరచెయ్యి అడ్డం పెట్టుకుని, తూలుతూ, అంచెలన్నీ దాటి మూలనున్న పాదులో గుమ్మరించింది.

నేల నెర్రెలు విచ్చింది. ఆకులన్నీ ఒక్కసారి ముడుచుకుపోయాయి. తీగ మొదలు లావెక్కింది, బెరడు చర్మమైంది, మట్టిలోంచి ఒక చెయ్యి లేచి తడుముకుంటూ గాలిలో ఆడింది. నాలుగు వేళ్ళ చెయ్యి! కుందనిక రెండు చేతులా పట్టుకుని లాగింది. తల వచ్చింది, భుజాలు వచ్చాయి. నోట్లో మట్టి ఉమ్మి, సుబంధుడు ఎండకు కళ్ళు చికిలించి చూశాడు.

"కుందనా? ఈ బట్టలేంటే?"

"అవన్నీ తరవాత చెప్తా, ముందు లే అన్నా, లే!"

అతను లేవబోయాడు. లేవలేకపోయాడు. మడమల దాకా మనిషే గాని, పాదాల వేళ్ళలోంచి ద్రాక్షవేళ్ళు నేలలోకి దిగి ఉన్నాయి. కమండలం తిరగేసి దులిపింది. ఒక్క చుక్క లేదు. దారిలో ఒలికిన నీళ్ళు ఇక్కడికి చాలకుండా పోయాయి.

"ఓరి నాయనో! ఆడపిల్లవా నువ్వు?" రేచమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నోరు తెరుచుకుని నిలబడింది. మట్టిలో మనిషిని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేలమాళిగ తలుపు మూశావా అమ్మా?" అని అరిచింది కుందనిక.

"తలుపు జోలికి పోలేదమ్మా నేను. పొద్దుగూకుతుందని గవాక్షం తీసొచ్చా. మరవను గదా."

మంచి గాలి లోపలికి పోయింది. ఆ గవాక్షం సంగతి తను మరిచిపోయింది, రేచమ్మ మరవలేదు.

కొండవైపు నుంచి, ఆ తెరిచిన గవాక్షంలోంచి, బొంగురు గొంతు ఒకటి వినబడింది. దగ్గు. మళ్ళీ దగ్గు. ఆ తరవాత మంత్రం. సద్దుమణిగినా మణగకపోయినా వాడిక ఆగడు. మొదటి అక్షరాలకే సుబంధుడి జుట్టులో ఒక పాయ తెల్లబడింది.

రేచమ్మ నేలమీద కూలబడి నెత్తి బాదుకుంది. "అయ్యో, నా చేతులు పడిపోనూ! మంత్రం అయిపోతే తాగేస్తాడే తల్లీ!"

"పాదులోంచి బయటపడితే చాలన్నావుగా?"

"వేళ్ళు తెగితే గదా బయటపడేది! అవి ఇప్పుడు వేళ్ళు కావమ్మా, నరాలు!"

సుబంధుడు చెల్లెలి చేతిలోని వంకరకత్తి వంక చూశాడు. ఆ తరవాత ఆమె ముఖం వంక చూశాడు. ముప్పై దాటని మనిషికి అప్పుడే కనుబొమలు నెరుస్తున్నాయి.

"కొయ్యి" అన్నాడు.

"అన్నా, నా వల్ల కాదు."

"నీకు నేర్పింది నేనే. ఏటవాలుగా, ఒక్క వేటుకి. కొయ్యి అమ్మా, వాడు తాగేస్తాడు."

కింద మంత్రం ఆగింది. కాగులో ముంత ముంచిన చప్పుడు గవాక్షంలోంచి స్పష్టంగా వినబడింది. తోటలోని తీగల ఆకులన్నీ ఆమెవైపు తిరిగాయి.

కుందనిక అన్న మడమ పట్టుకుంది. పాదం కింది ద్రాక్షవేళ్ళకు కత్తి ఆనించింది. కోసేటప్పుడు అడగవలసిన మాట గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. కళ్ళు మూసుకుని బలమంతా పెట్టి కోసింది. సుబంధుడు పెట్టిన కేకకు కొండ మారుమోగింది. ఆమె వేళ్ళ మీదుగా వెచ్చగా కారింది.

పందిరి మీద వాలి ఉన్న గోరువంక మెడ సారించి, కుందనిక గొంతుతోనే అడిగింది.

"నొచ్చిందా తల్లీ?"

రెండో కాలు ఇంకా మట్టిలోనే ఉంది.